డీజిలు వాసన లేని ఉత్తరాలు

ఆ ఓడకీ నా కూతురికీ ఒకే ఈడు. ఎనభయ్యారు డిసెంబరులో, ఎక్కడో మంచు కురిసే దేశంలో దాన్ని మన నేవీలో చేర్చుకున్న వారంలోనే, దాచేపల్లిలో మా వసారా గదిలో రోశమ్మ పుట్టింది. నా భర్త అంకమ్మరావు అప్పుడు ఆ ఓడ దగ్గరే ఉన్నాడు.

అది నీళ్ళమీద తిరిగే ఓడ కాదు. మునిగి తిరిగేది, సబ్‌మెరైన్. దాని పేరు ఆయన ఇంట్లో ఎప్పుడూ అనలేదు. మేం దాన్ని ‘పెద్దది’ అనేవాళ్ళం. మా రోశి ‘చిన్నది’. ఆయన ఉత్తరాల్లో కూడా అంతే. పెద్దది బాగుంది, చిన్నది ఎట్లా ఉంది, అని.

ఆయన్ని నేను ఒక మాట అన్నాను. ఆ మాట తప్పని తెలిసేసరికి ఆయన లేడు. అందుకే ఇది రాస్తున్నాను.

మా మామ పిచ్చియ్య సున్నపురాయి క్వారీలో గూటంతో రాళ్ళు కొట్టేవాడు. వీధిలో మిగతా మగవాళ్ళు లారీలమీద తిరిగేవాళ్ళు. మా ఆయన నరసరావుపేటలో డీజిలు ఇంజన్ల పని నేర్చుకుని నేవీలో చేరాడు. కొత్త సబ్‌మెరైన్‌కి మనుషుల్ని ఏరినప్పుడు ఆయన పేరూ వచ్చింది. ఏడాది ఆ చలిదేశంలో పని నేర్చుకుని, ఆ ఓడలోనే సముద్రాలు దాటి, ఎనభయ్యేడు ఎండాకాలంలో విశాఖపట్నం చేరాడు. రేవులో బ్యాండు వాయించారట. అక్కణ్ణుంచి సెలవు పెట్టి, అయిదు నెలల పిల్లని మొదటిసారి చూడటానికి వచ్చాడు.

ఆయన గుమ్మంలోకి రాగానే మా అత్త లింగమ్మ ముక్కు మూసుకుంది.

“ఏందిరా, నేవీలో చేరానన్నావు, లారీ క్లీనరు కంపు కొడతన్నావు?”

“లోపల గాలి లోపలే తిరుగుద్దమ్మా. అన్నం, చొక్కా, దిండు, అన్నిటికీ అదే వాసన. ఎంత తోమినా పోదు.”

“తోముకుంటేగా!”

“తోముకోవటానికి నీళ్ళేయీ? తాగటానికే కొలతేసి ఇస్తారు.”

మామ చుట్ట చేతిలోకి తీసుకుని పకపకా నవ్వాడు. “సముద్రంలో మునిగి కూకుని నీళ్ళు లేవంటాడేందే వీడు!”

నిజంగానే ఆ వాసన దేనికీ వదిలేది కాదు. పెట్టెకీ, ట్రాన్సిస్టరుకీ, ఆఖరికి ఆయన పంపే ఉత్తరాలకీ అదే వాసన. కాగితాలు ఓడలో తన పడకమీద, దిండు కింద పెట్టుకునేవాడు. నాకప్పుడు చదువు రాదు. పోస్ట్‌మాన్ కృపానందం అన్న గడపలో కూర్చుని చదివిపెట్టేవాడు. ఆయన చదవకముందే నేను కవరు ముక్కు దగ్గర పెట్టుకుని, ఇది మా ఆయనదేనని చెప్పేదాన్ని. కృపానందం అన్న నవ్వేవాడు. “అడ్రసు నేను చూడనక్కర్లా చెల్లెమ్మా, నీ ముక్కుకిస్తే చాలు.”

పెద్దదానికి మొదటి ఏడాది తేలిగ్గా గడవలేదు. చలిదేశంలో పుట్టిన ఓడ, మన సముద్రపు ఉక్క దానికి పడలేదు. లోపలి బ్యాటరీలు ఊరికే వేడెక్కేవట. వారం తిరిగితే నెల రిపేరులో ఉండేది. ఇక్కడ చిన్నదానికి ఒళ్ళంతా చెమటకాయలు. ఆయన ఉత్తరాల్లో ఇద్దరి జబ్బులూ కలిపి రాసేవాడు. తర్వాత రెండూ కుదుటపడ్డాయి. పెద్దది మొదటిసారి నూరు మీటర్ల కింద రోజంతా ఉండి పైకి వచ్చిందని రాసిన వారమే, చిన్నది పట్టు వదిలి వాకిలి దాటింది.

నేను ఆ ఓడని చూసింది ఒక్కసారే. ఎనభయ్యెనిమిది చివర్లో, కుటుంబాల వాళ్ళకి చూపించే రోజు ఒకటి ఉంటే మమ్మల్ని విశాఖపట్నం తీసుకుపోయాడు. క్వార్టర్స్ ఇంకా రాలేదు. తనతో పనిచేసే హబీబ్ వాళ్ళ ఇంట్లో దిగాం. హబీబ్ ఒడ్డున స్టోర్సులో ఉండేవాడు, ఓడ ఎక్కేవాడు కాదు. ఇల్లంతా చందనం సబ్బు వాసన. రేవులో ఓడ నల్లగా, వీపు మాత్రం పైకి పెట్టి పడుకుని ఉంది. చంకలో రోశి ఒక్కసారిగా ఎగిరి, “బర్రె! బర్రె!” అని అరిచింది.

చుట్టూ ఉన్న నావికులు పడీపడీ నవ్వారు. ఒకాయన, “పాలిస్తదా పాపా?” అని అడిగాడు. అది తల అడ్డంగా ఊపి, “వట్టిపోయింది,” అంది. వాళ్ళ తాత అనే మాట అది. ఆ తర్వాత ఓడలో మనుషులు కూడా దాన్ని బర్రె అనే పిలుచుకున్నారని ఆయన రాశాడు.

ఎనభైతొమ్మిది మార్చిలో సెలవుకి వచ్చాడు. తిరిగి వెళ్ళే రోజు పొద్దున రోశిని అరుగుమీద నిలబెట్టి కాలి కొలత తీసుకున్నాడు. మా దగ్గర పిల్లలకి చెప్పులు కొనాలంటే పిల్లల్ని అంగడికి తీసుకుపోరు. చీపురుపుల్లని పాదం కింద పెట్టి, మడమ నుంచి బొటనవేలి దాకా తుంచి, ఆ పుల్ల జేబులో వేసుకుని పోతారు. రోశి చక్కిలిగిలికి నిలవదు. మూడు పుల్లలు విరిగాక నాలుగోది కుదిరింది.

“ఎర్రయ్యి తేవాల,” అంది.

“ఎర్రయ్యే తెస్తా. నువ్వు ఎదక్కుండా ఉండు మరి.”

ఈసారి డ్యూటీ కొంచెం దూరం ఉండొచ్చని మాత్రం నాతో అన్నాడు. ఎప్పుడు, ఎక్కడికి, ఎన్నాళ్ళు అనేవి వాళ్ళు ఇంట్లో చెప్పకూడదు. నేనూ అడిగేదాన్ని కాదు.

ఏప్రిల్ చివర నుంచి ఉత్తరాలు మంగళవారానికి ఒకటి చొప్పున రావటం మొదలైంది. అంతకుముందు ఎప్పుడూ అంత క్రమంగా రాలేదు. మొదటిది ముక్కు దగ్గర పెట్టుకుంటే డీజిలు వాసన లేదు. చందనం సబ్బు వాసన వేసింది. రెండోదీ అంతే.

“ఒడ్డున కూకుని సబ్బు రుద్దుకుంటన్నాడు నా కొడుకు,” అని అత్త సంబరపడింది. “పోన్లే, నీళ్ళల్లో లేడు. నాకదే చాలు.”

నాకూ అదే చాలనిపించింది.

మే నెల మొదటి ఆదివారం రోశికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఆ ఏడు మా దగ్గర ఎండలకి రాళ్ళు పగిలాయి. సాయంత్రానికి గురజాల తీసుకుపోయి సెలైను పెట్టించాం. సోమవారం పొద్దున మామ ఆయనకి తంతి ఇచ్చి వచ్చాడు. పిల్లకి ప్రమాదంగా ఉంది, వెంటనే బయలుదేరు, అని. మంగళవారం తెల్లవారుతుండగా అది నా ఒళ్ళోనే పోయింది.

ఇంటికి తెచ్చాం. పదింటికి కృపానందం అన్న సైకిలు వీధి మొదట్లోనే ఆగింది. జనాన్ని చూసి ఆయన దిగి, సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. సంచిలోంచి కవరు తీసి, ఇవ్వాలో వద్దో తెలియక నిలబడ్డాడు.

“అంకమ్మరావుదేనా?” అన్నాను.

“ఆయనదే చెల్లెమ్మా.”

అందుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో చెప్పలేను, అలవాటు. చందనం సబ్బు వాసన. డీజిలు చుక్క కూడా లేదు.

“మావా, ఆయన ఒడ్డునే ఉన్నాడు,” అన్నాను. “నీళ్ళల్లో లేడు. చూడు, నూనె వాసన లేదు. అన్నా, ముద్ర ఎప్పటిది?”

కృపానందం అన్న కళ్ళజోడు సర్దుకుని చూశాడు. “శనివారం విశాఖపట్నంలో వేసిందమ్మా.”

“నిన్నటి తంతి సాయంత్రానికి అందుంటది. రాత్రి బండెక్కుంటే ఈపాటికి గుంటూర్లో దిగుంటాడు. బస్సులో ఉంటాడు. ఆయన వచ్చిందాకా నా బిడ్డని తీయొద్దు.”

పసిపిల్లలకి మాలో దహనం ఉండదు, కర్మ ఉండదు. పూడ్చిపెడతారు. తండ్రి మొదటి పిడికెడు మన్ను వేస్తాడు, అంతే. ఆ బిడ్డకి తండ్రి చేయగలిగేది అదొక్కటే. ఆయన ఒడ్డున ఉండి కూడా అది లేకుండా ఎట్లా పంపను?

మామ ఒప్పుకున్నాడు. ఇంకో తంతి ఇచ్చాడు, ఈసారి పోయిందని. లారీ నడిపే సత్తార్ పిడుగురాళ్ళ నుంచి ఐసు దిమ్మలు ఊకలో పెట్టి గోతాల్లో చుట్టి తెచ్చాడు. వసారాలో నవారు మంచం కింద పెట్టాం. నేను రోడ్డు వైపు చెవి పెట్టి కూర్చున్నాను. బస్సు హారన్ వినిపించినప్పుడల్లా మామ లేచి స్టాండు దాకా పోయేవాడు. ఒక్కడే తిరిగి వచ్చేవాడు.

బుధవారం పొద్దెక్కింది. ఐసు కరిగి నీళ్ళు గుమ్మం దాటి వాకిట్లోకి పోతున్నాయి. వీధిలో పెద్దావిడ హజ్రా బీ వచ్చి నా పక్కన కూర్చుంది.

“బిడ్డా, పసిదాన్ని ఇట్టా ఉంచగూడదే. ఎండ జూడు.”

“పన్నెండింటి బస్సు రానీ పెద్దమ్మా.”

పన్నెండింటి బస్సు వచ్చింది. ఆయన రాలేదు.

“మూడింటిది కూడా చూద్దాం,” అన్నాను.

మామ నా ముందు గొంతుక్కూర్చుని నన్ను పేరు పెట్టి పిలిచాడు. “అమ్మా, రాఘవా, ఇంక వద్దు. దాన్ని మనమే బాధపెడతన్నాం.”

గోడవారన ఎవరో గొణిగారు. “ఉత్తరం రాయటానికి తీరికుందంట. రావటానికి లేదంట.” నేను విన్నాను.

మొదటి పిడికెడు మామ వేశాడు. క్వారీలో గూటం పట్టీ పట్టీ ఆయన వేళ్ళు పూర్తిగా ముడుచుకోవు. మన్ను సగం సందుల్లోంచి జారిపోయింది.

తర్వాతి మంగళవారం ఇంకో ఉత్తరం వచ్చింది. కృపానందం అన్న గడపలో కూర్చోకుండా నిలబడే అడిగాడు. “చదవమంటావా చెల్లెమ్మా?”

చదవమన్నాను. ఎందుకు రాలేదో అందులో ఉంటుందనుకున్నాను.

ఆయన చదివాడు. “చిన్నదానికి చెప్పులు కొన్నాను. ఎర్రవే. పుల్లకంటే వేలెడు పెద్దవి తీసుకున్నాను, నేను వచ్చేసరికి ఎదుగుద్దిగా. బర్రె నిన్ను అడిగిందని చెప్పు...” అక్కడితో ఆపేశాడు. కాగితం మడిచి నా చేతిలో పెట్టి, కళ్ళజోడు తీసి, సైకిలు ఎక్కకుండా నడుచుకుంటూ పోయాడు.

“తంతి అందలేదేమోనే,” అంది అత్త.

“రెండూ అందలేదా? ఆయన ఉత్తరాలు మాత్రం మనకి అందుతున్నయ్యే!”



తర్వాత నాలుగు మంగళవారాలు నాలుగు ఉత్తరాలు వచ్చాయి. నేను చింపలేదు, చదివించలేదు. ట్రంకు పెట్టె అడుగున, రోశి గౌనుల కింద పెట్టాను.

జూన్ మూడో వారంలో ఆయన వచ్చాడు. తొలకరి పడి వాకిలి బురదగా ఉంది. గుమ్మంలో అడుగు పెట్టకముందే డీజిలు వాసన వచ్చింది. గడ్డం పెరిగి, మొహం పాలిపోయి, చంకలో చెప్పుల పెట్టె ఉంది. అత్త బావురుమంటూ ఎదురుపోయింది. నేను లేవలేదు.

ఆయన వచ్చి నా ముందు కూర్చున్నాడు. “మొన్న రేవులో దిగాక చెప్పారు రాఘవా. రెండు తంతులూ కలిపి చేతిలో పెట్టారు.”

అప్పుడన్నాను ఆ మాట.

“ఉత్తరాలు రాసే చేతికి, బిడ్డమీద పిడికెడు మన్నేసే తీరిక లేకపోయిందా?”

ఆయన చేతుల వంక చూసుకున్నాడు. “నేను నీళ్ళల్లో ఉన్నానే. రెండు నెల్లు. పైనించి లోపలికి కబురొస్తది గానీ, లోపల్నించి మనం ఏదీ పంపటానికి లేదు. ఇంటి చెడు కబురు లోపలికి పంపరు. తెలిసినా దిగి రాలేం. ఆ మనసుతో ఇంజను దగ్గర నిలబడితే అందరి ప్రాణాలూ పోతయ్యి.”

“మరి మంగళారం మంగళారం ఉత్తరాలు ఎట్టా వచ్చినయ్యి? నీళ్ళల్లో పోస్టాఫీసుందా?”

“ముందే రాసిచ్చి పోయా హబీబుకి. నువ్వు బెంగపడతావని.”

“ముక్కుంది నాకు. నూనె వాసన లేదు వాటికి. ఒడ్డునే ఉన్నావు.”

“హబీబు ఇంట్లో రాశా. ఆడి పెట్టెలో ఉన్నయ్యి.”

“వచ్చే నెల ఉత్తరం ఈ నెలే రాసేవాళ్ళని నేను ఎక్కడా చూళ్ళా.”

ఆయన లేచి ట్రంకు పెట్టె దగ్గరికి వెళ్ళాడు. “ఇందులోనే ఉన్నయ్యా? తియ్యి. కృపానందం అన్నని పిలుస్తా. ఆఖరిదాంట్లో అంతా రాశా.”

నేను వెళ్ళి పెట్టెమీద కూర్చున్నాను.

“తీయబాక. వాటిల్లో అది బతికుంటది. నేను వినలేను.”

 ఆయన చెప్పుల పెట్టె నా పక్కన పెట్టి, వాళ్ళ నాన్నని తీసుకుని రోశిని పెట్టిన చోటికి పోయాడు. నెల దాటిన నేలమీద పిడికెడు మన్ను వేసి వచ్చాడని మామ చెప్పాడు. వాన తడికి మన్ను చేతికి అంటుకుంటే కడుక్కోలేదట. ఆ చేత్తోనే ఇంటికి వచ్చాడు.

ఆ మాట మళ్ళీ మా మధ్య రాలేదు. తర్వాత మాకు ఇద్దరు మగపిల్లలు పుట్టారు. క్వార్టర్స్ వచ్చాయి, నేను పోలేదు. పెద్దది ఇంకా దూరం పోయింది, ఇంకా లోతు దిగింది. మంచి పేరు తెచ్చుకుందని, దాంట్లో పనిచేశామంటే రేవులో గౌరవం అని ఆయనే మామతో చెప్తుంటే విన్నాను. ఆయన మాత్రం ముందుగా ఉత్తరాలు రాసి ఉంచటం మానేశాడు. నీళ్ళలో ఉన్న నెలలు ఏ కబురూ ఉండేది కాదు. ఆ మౌనం నేను అడిగి తెచ్చుకున్నదే.

పదిహేనేళ్ళ సర్వీసు అయ్యాక వచ్చేసి, సిమెంటు ఫ్యాక్టరీలో జనరేటరు దగ్గర చేరాడు. అప్పుడూ అదే వాసన. కామెర్లు ముదిరి పోయాడు. ఆఖరి రోజుల్లో కూడా ఉత్తరాల మాట ఎత్తలేదు.

ఆయన పోయిన మూడో ఏట, మా వీధి స్కూలు వరండాలో మధ్యాహ్నాలు ఆడవాళ్ళకి చదువు చెప్పటం మొదలుపెట్టారు. టీచరమ్మ రషీదా, హజ్రా బీ మనవరాలు. బస్సుమీద ఊరి పేరు చదువుకుంటే చాలనుకుని పోయాను. ఏడాదిన్నరకి కూడబలుక్కుని ఉత్తరం చదవగలిగాను. ఆ రోజు ఇంటికి వచ్చి ట్రంకు తెరిచాను.

కవర్లకి ఇప్పుడు ఏ వాసనా లేదు.

చింపి చూసిన ప్రతిదాంట్లోనూ ఒకటే ఇంకు. ఒకటే కాగితం, ఒకే పుస్తకంలోంచి చింపినది. మీద తారీకులు మాత్రం వేరు.

మొదట చింపినదాంట్లో ఇట్లా ఉంది. “ఎండలు ముదిరి ఉంటాయి. చిన్నదాన్ని మధ్యాహ్నం వాకిట్లోకి పోనీయకు. మజ్జిగ తాగించు.” అది వచ్చిన నాటికి పిల్ల పోయి పద్నాలుగు రోజులు.

ఆ తర్వాతిది. “ఈపాటికి రెండు మాటలు కలిపి పాట కూడా పాడుతుందనుకుంటాను. నేను వచ్చాక పాడించాలి.”

మూడోది. “తొలకరి పడితే దానికి కాగితం పడవ చేసి పెట్టు. పడవ తేలితే, ఇది మీ నాన్న ఓడ కాదని చెప్పు. మునిగితే అదే నాన్న ఓడ.”

అక్కడ ఆగిపోయాను. అది చూడని వానలో, దాని చేత పడవ ఆడించాడు ఆయన. దాని చేత పాట పాడించాడు. నేను పూడ్చి వచ్చిన బిడ్డ ఆ కాగితాల్లో ఇంకో నెల పెరిగింది.

నాలుగోది సాయంత్రం దాకా తెరవలేకపోయాను. అది కొంచెం గట్టిగా తగిలింది చేతికి.

“రాఘవకి. ఇది ఎనిమిదో ఉత్తరం. ఎనిమిదీ ఇవాళ ఆదివారం కూర్చుని రాశాను, చెయ్యి లాగుతోంది. హబీబు మంగళవారానికి అందేటట్టు వారానికొకటి వేస్తాడు. నేను నీళ్ళలో ఉన్నానని తెలిస్తే నువ్వు అన్నం తినవు. అందుకే ఈ మోసం. తిట్టదలిస్తే వచ్చాక తిట్టు. ఇది అందిన వారానికి వస్తాను. నీ గురించి, అమ్మ గురించి రాయటం తేలికే. చిన్నదాని గురించి రాయటమే కష్టంగా ఉంది, రెండు నెలల్లో అది ఎంత మారుతుందో ఊహకి అందటం లేదు. చెప్పులు నా పడక దగ్గరే పెట్టుకుంటున్నాను. డీజిలు వాసన వస్తుంది, ఏమీ అనుకోవద్దను. పుల్లతో ఇంక పని లేదు కదా, ఇందులో పెడుతున్నాను. నేను వచ్చేలోపు దాని కాలికి పెట్టి చూడు, ఎంత ఎదిగిందో.”

కవరు వంచితే చీపురుపుల్ల జారి ఒళ్ళో పడింది. రెండు చివర్లా తుంచిన పుల్ల. ఒక చివర ఇంకా గోటి నొక్కు ఉంది.

చెప్పుల పెట్టె తెచ్చుకున్నాను. ఎర్ర రంగు వెలిసి ఇటుకపొడిలా అయింది. కుడికాలి చెప్పు తీసి ఒళ్ళో పెట్టుకుని, మడమ దగ్గర నుంచి పుల్లని అందులో పెట్టాను. ముందు వేలెడు ఖాళీ మిగిలింది.